క్షయరోగము: రక్తము చెప్పు సాక్ష్యము

ఉగాదికి ముందు దినములలో మక్తల్ బస్సు నిలయమున కొంచెముసేపు నిలిచినయెడల, ముంబయి నుండియు పూనా నుండియు దిగివచ్చు మన పాలమూరు కూలీలు మూటలతోను బిడ్డలతోను కనబడుదురు. దేశమందలి కాలువలకును ఆనకట్టలకును మేడలకును మన్ను మోసి రాయి కొట్టినవారు వీరు. 2019వ సంవత్సరమున మన మక్తల్ నారాయణపేట జిల్లాలో చేరినది గాని, వలసపోవు వారికి పాలమూరు కూలీలను పేరు మాత్రము మారలేదు.

అట్లు వచ్చినవారిలో ఒకడు దగ్గుచుండుట మీరు చూచియే యుందురు. మూడు వారములనుండి దగ్గు. సాయంకాలమైనచో ఒంట వెచ్చదనము. రాత్రి చెమట. తొడిగిన అంగీ వదులైనది. అడిగినచో, "అక్కడి నీళ్లు పడలేదు పటేలా" అనును. ఒక సీసా దగ్గుమందు, రెండు సూదులు, మరియొక సీసా. ఇట్లు రెండు నెలలు గడచును. ఆ రెండు నెలలును ఆ యింటి పసిబిడ్డయు ముసలితల్లియు అదే గదిలో పండుకొనుచుందురు.

తుదకు ఎవరో తెమడ పరీక్ష చేయింపుమందురు. అప్పుడు ఊరి పెద్దలు తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "చక్కెర వ్యాధి వ్రేలి నెత్తురు చుక్కతో తెలియుచున్నది. మలేరియాయు అట్లే తెలియుచున్నది. క్షయకు మాత్రము తెమడ యెందుకు? నెత్తురు చూచి చెప్పరాదా?" ఇది మంచి ప్రశ్న. పేరుగన్న శాస్త్రజ్ఞులు కూడ చాలకాలముగా దీనినే అడుగుచున్నారు. వారికి సమాధానము కొంత దొరకినది. కొంత దొరకవలసి యున్నది. ఆ రెంటిని విడదీసి చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము. ఎందుకనగా, దొరకనిదానిని దొరకినదని నమ్మి డబ్బును, అంతకంటె విలువైన కాలమును పోగొట్టుకొన్నవారు మన దేశమున ఎందరో కలరు.

మొదట రోగమును గూర్చి రెండు మాటలు. మన ప్రాచీన వైద్యులు దీనిని రాజయక్ష్మమనిరి. దీనికి కారణమైన క్రిమిని తాను కనుగొంటినని రాబర్టు కోక్ అను జర్మను వైద్యుడు 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున ప్రకటించెను. ఊపిరితిత్తుల క్షయ గలవాడు దగ్గినప్పుడు గాలిలోనికి లేచు సన్నని తుంపరలలో ఈ క్రిమి యుండును. గాలి వెలుతురు చొరని గదిలో పదిమంది కలిసి పండుకొనుచోట ఇది సులభముగా సోకును. రాతిపొడి పీల్చి ఊపిరితిత్తులు చెడినవారికిని, కడుపునిండ తిండి లేనివారికిని ఇది త్వరగా ముదురును. కంచము వలనను, పక్కబట్టల వలనను, చేయి తాకుట వలనను రాదు. పూర్వజన్మ పాపము వలన అసలే రాదు.

మందు లేని కాలమున మన తెలుగునాట ఈ రోగులను ఊరికి దూరముగ కొండగాలిలో ఉంచెడివారు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్రైస్తవ మిషనులు కలిసి 1910వ దశకమునందే క్షయ చికిత్సాలయమును నెలకొల్పినవి. డేనిష్ వైద్యుడు ఫ్రిమొట్ మోలర్ దానిని చాలకాలము నడపెను. మనకు చేరువలో వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండపై అట్టిదే మరియొకటి వెలసెను. మంచిగాలి, విశ్రాంతి, బలమైన ఆహారము, ఇవియే నాటి చికిత్స. 1944లో స్ట్రెప్టోమైసిను అను మందును ప్రకటించిన పిదప కాలము మారినది. 1956లో మద్రాసున వెలసిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు, పేదల యిండ్లలోనే మందులిచ్చి చూచి, ఆసుపత్రి మంచముపై ఉన్నవానికి కుదిరినంత చక్కగా ఇంటిలో ఉన్నవానికిని కుదురునని 1959లో లోకమునకు చూపిరి. నేడు సాధారణమైన క్షయకు ఆరు నెలల మాత్రలు చాలును.

రోగము కుదురునదే యైనప్పుడు జనము ఏల చనిపోవుచున్నారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము 2023వ సంవత్సరమున లోకమందు సుమారు 1 కోటి 8 లక్షలమందికి క్షయ వచ్చెను. 12 లక్షల 50 వేలమంది మరణించిరి. రోగులలో నాలుగింట ఒక వంతుకు మించి మన దేశమువారే. రోగమును సకాలమున కనిపెట్టలేకపోవుట ఈ చావులకు ముఖ్యమైన కారణములలో ఒకటి.

ఇప్పుడు కనిపెట్టు మార్గములను చూతము. తెమడను గాజుపలకపై పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూచుట పాతపద్ధతి. ఒక మిల్లీలీటరు తెమడలో సుమారు 5,000 నుండి 10,000 క్రిములున్నగాని ఆ పద్ధతికి చిక్కవు. తెమడలోని క్రిమిని పెంచి చూచుట మరియొక పద్ధతి. అది మిక్కిలి నమ్మదగినది గాని వారముల కొలది పట్టును. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జీనెక్స్‌పర్ట్ యంత్రము, మన ఆసుపత్రులలో సి.బి.నాట్ అని పిలువబడునది, మిల్లీలీటరునకు 130 క్రిములున్నను రెండు గంటలలో పట్టగలదు. గోవాలో తయారగు ట్రూనాట్ అను చిన్న యంత్రమును 2020లో అదే సంస్థ ఆమోదించినది. ఇవి క్రిమి ఉన్నదని చెప్పుటతో ఆగక, ముఖ్యమైన మందగు రిఫాంపిసినునకు అది లొంగునో లొంగదో కూడ తెలుపును.

అయినను వీటికన్నిటికిని తెమడ కావలెను. చిక్కంతయు ఇచటనే యున్నది. అయిదేండ్ల బిడ్డ తెమడను ఉమియలేదు, మ్రింగివేయును. మెడ గడ్డలలోను, వెన్నెముకలోను, మెదడు పొరలలోను క్షయ వచ్చినవానికి తెమడయే రాదు. మరికొందరికి దగ్గు లేకయే రోగము లోపల పెరుగుచుండును. 2019 నుండి 2021 వరకు మన దేశమున ప్రభుత్వము ఊరూర క్షయ సర్వే జరిపించినది. అందు దొరకిన రోగులలో నూటికి 42 మందికి మించి ఛాతీ ఎక్స్‌రే తీయకున్నచో దొరకియుండెడివారే కారు. లక్షణములనడిగి వెదకుటలో ఇంతమంది తప్పిపోవుదురన్నమాట. కనుకనే శాస్త్రజ్ఞుల దృష్టి రక్తముమీద పడినది.

మలేరియా క్రిమి రక్తకణములోనే కాపురముండును గనుక చుక్క నెత్తుటిలో చిక్కును. క్షయ క్రిమి అట్లుగాక ఊపిరితిత్తులలో గూడు కట్టుకొని యుండును; సామాన్యముగా రక్తమున తిరుగదు. కనుక రక్తములో దొంగను వెదకుట కంటె, దొంగను చూచినవారి సాక్ష్యమును వెదకవలసి వచ్చినది.

మొదట వెదకిన సాక్ష్యము ప్రతిరక్షక పదార్థములు. క్రిమి చొరబడినప్పుడు శరీరము తయారుచేసికొను ఆయుధములివి. వీటిని రక్తమున చూచి క్షయను నిర్ణయింతుమని చెప్పు పరీక్షలు మన దేశపు బజారులో ఎన్నో ఏండ్లు అమ్ముడుపోయినవి. కాని అవి రోగము లేనివానికి ఉన్నదనియు, ఉన్నవానికి లేదనియు చెప్పెడివి. ఉత్తపుణ్యమునకు ఆరు నెలలు మందు మ్రింగినవారు కొందరు. నిజమైన రోగము పెట్టుకొని ధైర్యముగ తిరిగినవారు కొందరు. ఈ పరీక్షలను వాడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పినది. 2012లో భారత ప్రభుత్వము వాటి తయారీని, దిగుమతిని, అమ్మకమును నిషేధించినది.

చేతిచర్మమునకు సూదివేసి వాపు కొలుచు పరీక్షయు, రక్తమున అదే పనిచేయు క్రొత్త పరీక్షయు మరియొక విధమైనవి. క్రిమి ఎప్పుడైన ఒంటిలో ప్రవేశించినదా యని మాత్రమే అవి చెప్పును. క్రిమి ప్రవేశించినవారిలో నూటికి తొంబదిమందికి పైగా జన్మలో రోగము రాదు; శరీరము దానిని అణచి యుంచును. కాబట్టి క్రిమి అణగి యున్నదా, లేచి ఇల్లు కూల్చుచున్నదా యను ముఖ్యమైన ప్రశ్నకు ఆ పరీక్షలు బదులు చెప్పవు.

ఈ ప్రశ్నకు బదులు చెప్పగలుగునని ఆశ గొల్పుచున్నది ఆర్.ఎన్.ఏ. అను పదార్థము. అదేమో మనకు తెలిసిన ఉపమానముతో చెప్పెదను.

పట్వారీల కాలమును మీలో పలువురు చూచియుందురు. ఊరి మూల పహాణీ దస్తరమున భద్రముగా నుండెడిది. దానిని ఎవరును వీధి వెంట త్రిప్పరు. పని పడినప్పుడు ఆ సర్వే నంబరునకు మాత్రము నకలు వ్రాసి యిచ్చెడివారు. పని తీరిన పిదప ఆ నకలు చిరిగి పోయెడిది. ఇప్పుడాలోచింపుడు. చెరువు క్రింది నంబర్లకు ఒక్క వారమున నలుబది నకళ్లు పోయినచో, మూల పహాణీని తెరువకయే, చెరువు క్రింద ఏదో తగవు లేచినదని మీరు గ్రహింతురు. ఎన్నడును నకలు అడుగని నంబరునకు ఒక్కసారి గిరాకి వచ్చినను, నిత్యము అడుగు నంబరునకు అడుగుట మానినను, అందొక అర్థమున్నదని తెలిసికొందురు.

మన శరీరమందలి దాదాపు ప్రతి కణమునందును అట్టి మూల దస్తరమొకటి కలదు. దాని పేరు డి.ఎన్.ఏ. అందు సుమారు 20,000 జన్యువులు, అనగా వేర్వేరు పనులకు సంబంధించిన వ్రాతలు కలవు. పని పడినప్పుడు ఆ వ్రాతకు కణము తీసికొను నకలే ఆర్.ఎన్.ఏ. రక్తమందలి తెల్లకణములు మన ఊరి కావలివాండ్రు. శత్రువు కనబడినంతనే వారు కొన్ని వ్రాతలకు నకళ్లు ఎక్కువగా తీయుదురు; కొన్నిటికి తగ్గింతురు. ఒక గొట్టము రక్తము తీసి ఆ నకళ్లను లెక్కించినయెడల, కావలివాండ్రు ఎవనితో పోరాడుచున్నారో ఊహింపవచ్చును. క్రిమి ఊపిరితిత్తులలో దాగియున్నను, దానినెదిరించు కావలివాండ్రు రక్తములోనే తిరుగుచుందురు గదా.

2010లో లండను శాస్త్రజ్ఞులు, దక్షిణాఫ్రికావారితో కలిసి, క్షయరోగుల రక్తమున 393 నకళ్ల తీరు ప్రత్యేకముగా మారియుండునని ప్రకటించిరి. శరీరము మోగించు అపాయపు దండోరాకు సంబంధించిన జన్యువులు అందు చాల కలవు. మందు పనిచేయుచున్నకొలది ఆ తీరు మరల సామాన్య స్థితికి వచ్చుచుండెను. మరియొక సంగతియు కనబడెను. క్రిమి అణగియున్నదని తలచినవారిలో కొందరి రక్తము కూడ రోగుల రక్తమువలెనే యుండెను.

393 నకళ్లను ప్రతి పల్లెలో లెక్కించుట కుదరదు. కనుక తగ్గించు ప్రయత్నములు సాగినవి. 2016లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు అనేక దేశముల లెక్కలను కలిపి చూచి మూడే జన్యువులు చాలుననిరి. వాటి పేర్లు జి.బి.పి.5, డి.యు.ఎస్.పి.3, కె.ఎల్.ఎఫ్.2. క్షయ ఉన్నప్పుడు మొదటి రెంటి నకళ్లు హెచ్చును, మూడవదాని నకళ్లు తగ్గును. త్రాసులో ఒక తట్టను మొదటి రెండును, వేరొక తట్టను మూడవదియు ఉంచి చూచుట వంటిది ఈ లెక్క. వ్రేలి నెత్తుటితో ఈ మూడింటిని ఒక గంటలోపుగా లెక్కించు పెట్టెను జీనెక్స్‌పర్ట్ యంత్రమునకు అమర్చి, పరీక్షలు జరిపిరి. 2017లో మన బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థవారు తమ పద్ధతిలో వెదకి పది జన్యువుల పట్టికనొకటి ప్రకటించిరి.

2016లోనే దక్షిణాఫ్రికానుండి మరింత ఆశ్చర్యకరమైన వార్త వచ్చెను. ఆరువేలకు పైగా బాలబాలికలను రెండేండ్లపాటు కనిపెట్టి చూచి, తరువాత క్షయ వచ్చినవారి పాత రక్తమును పరీక్షింపగా, రోగము బయటపడుటకు సంవత్సరము ముందే 16 జన్యువుల తీరు పలువురిలో మారియుండెను. పొగ కనబడకముందే నిప్పును పసిగట్టినట్లాయెను.

ఇంతవరకు దొరకిన సగమును చెప్పితిని. ఇక దొరకవలసిన సగము.

మొదటి చిక్కు: ఆ దండోరా క్షయకు మాత్రమే మ్రోగదు. విషజ్వరము వచ్చినను, ఇతర క్రిములు చొరబడినను అందులో కొంత మ్రోగును. కావున రక్తము "ఏదో కలదు" అని గట్టిగా చెప్పును. "ఇది క్షయయే" అని చెప్పుటకు తడబడును.

రెండవ చిక్కు లెక్కకు సంబంధించినది. ఇట్టి పరీక్ష జల్లెడగా పనికివచ్చుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో కొలత పెట్టినది. రోగులలో నూటికి 90 మందినైన పట్టవలెను; రోగము లేనివారిలో నూటికి 70 మందినైన సరిగా విడువవలెను. ఈ కొలతకు సరిపోయిన పరీక్షను 1000 మందికి చేసితిమనుకొందము. వారిలో 10 మందికి క్షయ ఉన్నదనుకొందము. పరీక్ష 9 మందిని పట్టును, ఒకడు తప్పిపోవును. మిగిలిన 990 మందిలో 297 మందికి, రోగము లేకున్నను, అనుమానము చెప్పును. వెరసి 306 మంది. అందు నిజమైన రోగులు 9 మంది. ఇది చూచి పరీక్ష వ్యర్థమని తలపరాదు. వేయిమందికి చేయవలసిన తెమడ పరీక్షను 306 మందికి చేసిన చాలును గనుక, కష్టము మూడింట ఒక వంతునకు దిగినది. కాని ఆ 306 మందికిని తిన్నగా మందు మొదలుపెట్టిన అన్యాయమగును. జల్లెడ పట్టినంత మాత్రమున బియ్యము వండరు గదా, రాళ్లు ఏరవలెను.

మూడవ చిక్కు: నకళ్లు చాల సుకుమారమైనవి. రక్తమును తీసి ఊరకే ఉంచినచో అవి చెదరిపోవును, మారిపోవును. వాటిని నిలుపు మందుగల గొట్టములు కావలెను. లేదా అక్కడికక్కడే లెక్కించు యంత్రము కావలెను. నాలుగవది, ముందుగా తెలిసినంత మాత్రమున ముందుగా ఆపగలమా యనునది. దక్షిణాఫ్రికాలో 11 జన్యువుల పరీక్షతో అపాయము గలవారిని ఏరి, మూడు నెలలు మందిచ్చి చూచిరి. ఆ మందు తరువాతి రోగమును తగ్గించినట్లు కనబడలేదని 2021లో ప్రకటించిరి. పరీక్ష అపాయము గలవారిని గుర్తింపగలిగినది గాని, ఆ మందు వారిని రక్షింపలేకపోయినది.

కావున పెద్దలారా, రక్తము క్షయను గూర్చి చెప్పగలదా యని మీరడిగిన ప్రశ్నకు నా బదులు ఇది. చెప్ప మొదలిడినది, దాని మాట ఇంకను సాక్ష్యమే గాని తీర్పు కాలేదు. నేటికి తీర్పు చెప్పునది క్రిమిని చూపు పరీక్షయే. "ఒక్క నెత్తురు చుక్కతో టి.బి. తేల్చెదము" అని ఎవరైన వేలకు వేలు అడిగినచో, ప్రభుత్వ వైద్యుని అడుగక చెల్లింపకుడు.

ఆ దినము వచ్చువరకు మనము చేయదగిన పని చేతిలోనే యున్నది. రెండు వారములు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమట, బరువు తగ్గుట, తెమడలో నెత్తురు, వీటిలో ఏది కనబడినను ఆ మనిషిని ప్రభుత్వ ఆసుపత్రికి పంపుడు. అచట పరీక్షకును మందులకును డబ్బు లేదు. తెమడ ఇచ్చు విధమును కూడ నేర్పుడు. ఉమ్మి వేరు, తెమడ వేరు. ప్రొద్దున లేచినంతనే నోరు నీళ్లతో పుక్కిలించి, ఆరుబయట నిలిచి, రెండుమూడు మారులు గట్టిగా ఊపిరి పీల్చి, రొమ్ము లోతునుండి దగ్గి తీసినదే తెమడ. ఉమ్మి పంపినచో గొప్ప యంత్రమైనను "లేదు" అని చెప్పవచ్చును. పసిబిడ్డలకు వైద్యులు పొట్టలోని ద్రవమును తీసి చూడగలరు; కావున బిడ్డ తెమడ ఇయ్యలేదని ఊరకుండకుడు.

ఒక ఇంట ఒకనికి రోగము తేలినచో ఆ యింటివారినందరను చూపింపుడు. మందు మొదలైన కొద్ది వారములకే, అది పనిచేయుచున్నయెడల, రోగి వలన ఇతరులకు సోకు భయము చాల తగ్గును. కాని ఒంటికి హాయి కలిగినదని మూడవ నెలలో మాత్రలు మానినచో క్రిమి మొండిబారును. మరల పూనాకు పోవలసి వచ్చినచో, పేరు ప్రభుత్వపు ని-క్షయ్ పట్టికలో ఉన్నది గనుక అచటను మందు పొందవచ్చును. పోవుటకు ముందు ఆసుపత్రివారికి చెప్పిన చాలును. తిండికై ప్రభుత్వము నెలకు ఇచ్చు 500 రూపాయలు 2024 నవంబరు నుండి 1000 రూపాయలైనవి. తిండి విషయము చిన్నది కాదు. జార్ఖండు రాష్ట్రమున రోగుల ఇంటివారికి ఆహార దినుసులిచ్చి చూడగా, వారిలో క్షయ వచ్చుట నూటికి సుమారు 40 వంతులు తగ్గినదని 2023లో తెలిసినది.

అన్నిటికంటె మీరు మాత్రమే చేయగలిగినది యొకటి కలదు. క్షయ అని తెలిసినచో కూతురికి సంబంధము రాదని దాచిపెట్టు తల్లిదండ్రులు మన ఊళ్లలో ఉన్నారు. వేరు కంచము, వేరు మూల చూపి మనిషిని కుంగదీయువారు కలరు. ఆ భయము వలన దగ్గును దాతురు. దాచిన దగ్గు ఇంటిల్లిపాదికిని సోకును. కచ్చేరి అరుగుమీద మీవంటి పెద్ద కూర్చుండి, "ఇది ఆరు నెలల మందుతో పోవు రోగము, సిగ్గుపడవలసినది కాదు, రేపు నాతో ఆసుపత్రికి రా బిడ్డా" అని ఒక్కమాట అన్నచో, ఆ మాట ఏ యంత్రమును చేయలేని పని చేయును.

నెత్తురు చుక్క పరీక్ష ఒకనాటికి మక్తల్‌కును వచ్చునని నా నమ్మకము. అది వచ్చునాటికి, ఈ ఏడు ఉగాదికి దగ్గుచు దిగిన ఆ పిల్లవాడు బ్రతికియుండవలెను గదా. అతనికి కావలసిన పరీక్ష నేడే యున్నది. తోడు పోవు మనిషి కావలెను.